దుకాణానికి చేరని ‘నంబర్‌ వన్‌’

సికింద్రాబాద్‌లో నలుగురు కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని, మోండా మార్కెట్‌ దగ్గర ఏదో షాపు బోర్డు చూసి, అదే పేరు తమ బ్యాండ్‌కి పెట్టుకుంటే ఎలా ఉంటుంది? 1971లో అమెరికాలోని మెంఫిస్‌ నగరంలో అచ్చం అలాగే జరిగింది. స్టూడియో ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్‌ పేరు ‘బిగ్‌ స్టార్‌’. అంతే, బ్యాండ్‌ పేరూ అదే అయిపోయింది!

ఆ నలుగురూ... క్రిస్‌ బెల్‌, అలెక్స్‌ చిల్టన్‌, ఆండీ హమ్మెల్‌, జోడీ స్టీఫెన్స్‌. వీరిలో చిల్టన్‌ పదహారేళ్లకే ‘ది లెటర్‌’ పాటతో అమెరికాని ఊపేశాడు. బెల్‌కేమో బీటిల్స్‌ అంటే ప్రాణం. వినసొంపైన బాణీ, జోరైన గిటార్‌, కలిసి పాడే గొంతులు... ‘పవర్‌ పాప్‌’ అంటే ఇదే. ఆర్డెంట్‌ స్టూడియో స్థాపకుడు జాన్‌ ఫ్రై వారికి రికార్డింగ్‌ పాఠాలూ నేర్పాడు.

1972లో తొలి ఆల్బమ్‌ వచ్చింది. పేరు ‘నంబర్‌ వన్‌ రికార్డ్‌’! విమర్శకులు ఆకాశానికెత్తారు. కానీ విందామనుకున్నవారికి షాపుల్లో రికార్డే దొరకలేదు. పంపిణీ బాధ్యత తీసుకున్న స్టాక్స్‌ సంస్థ దాన్ని ఊరూరా చేర్చలేకపోయింది. ఆ పని కొలంబియా చేతికి వెళ్లాకా ఫలితం లేదు. మంచి సినిమా తీసినా థియేటర్లు దొరక్కపోతే ఏమవుతుందో మనకు తెలియనిదా! అమ్ముడైనవి పదివేల లోపేనంటారు.

ఎక్కువగా కుంగిపోయింది బెల్‌. ఆ ఏడాదే బ్యాండ్‌ని వదిలేశాడు. 1978 డిసెంబరులో కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి వయసు 27 ఏళ్లే.

రికార్డు మాత్రం చేతులు మారుతూ బతికింది. విన్న కొద్దిమందిలోనే రేపటి సంగీతకారులున్నారు మరి! 1987లో ‘రీప్లేస్‌మెంట్స్‌’ బ్యాండ్‌ ఏకంగా ‘అలెక్స్‌ చిల్టన్‌’ అనే పాటే కట్టింది. 1998లో మొదలైన ‘దట్‌ సెవెంటీస్‌ షో’ టీవీ సీరియల్‌కి ఈ ఆల్బమ్‌లోని ‘ఇన్‌ ద స్ట్రీట్‌’ టైటిల్‌ సాంగ్‌ అయింది. 2003లో ‘రోలింగ్‌ స్టోన్‌’ పత్రిక ఎంపిక చేసిన 500 గొప్ప ఆల్బమ్‌లలో దీనికీ చోటు దక్కింది.

2010లో చిల్టన్‌, హమ్మెల్‌ కూడా కన్నుమూశారు. షాపు పేరు పెట్టుకున్న ఆ నలుగురి పాట ఆ రోజుల్లో షాపులకు చేరలేదు. చేరాల్సిన చెవులకు మాత్రం చేరింది... కాకపోతే బెల్‌ వినలేనంత ఆలస్యంగా!