బాగుందంటే చాలదు, ఎక్కడ బాగుందో చెప్పండి

ఒక నాటక రచయిత తోటి రచయితల కొత్త నాటికల గురించి రాసిన మెచ్చుకోలు వ్యాసం తీసుకోండి. అందులో పేర్లన్నీ చెరిపేసి, ఇది ఏ నాటిక గురించి రాసిందో చెప్పమని నన్నడిగితే చెప్పలేను. మీరూ చెప్పలేరు. రాసినాయన కూడా చెప్పలేడని నా అనుమానం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడల్లా అందరూ నవలల దగ్గర గుమిగూడి ఉంటే, నేను మూలనున్న నాటికల సంపుటాలు ఏరుకుని తెచ్చుకుంటాను. ఇంట్లో ఓ అర నిండింది. ప్రతి సంపుటానికీ రెండో మూడో ముందుమాటలు, దాదాపు అన్నీ సాటి నాటక రచయితలు రాసినవే. "సమకాలీన సమాజానికి అద్దం." "సంభాషణలు తూటాల్లా పేలాయి." "పాత్రలు మన మధ్య తిరుగుతున్నట్టే ఉంటాయి." "ముగింపు కంటతడి పెట్టిస్తుంది." తర్వాత ఏ పరిషత్తులో ఏ బహుమతి వచ్చిందో లిస్టు. చివర్న రచయిత కలం నుంచి మరిన్ని ఆణిముత్యాలు రావాలని ఆశీస్సులు. ఈ ముందుమాటలు తీసి ఒక పుస్తకంలోది ఇంకో పుస్తకంలో అతికించినా ఎవరికీ తేడా తెలియదు.

నాకేం నొప్పి అంటారా? ఉంది. చెప్తాను.

2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని నేనూ ఒక నాటిక రాశాను. ఉద్యోగం పోయిన ఒక టీమ్ లీడ్, ఆ సంగతి ఇంకా తెలియని అతని టీమ్, ఒక రాత్రి కాల్. చదివితే ముప్ఫై అయిదు నిమిషాలు. నేను చాలా గౌరవించే ఒక పెద్దాయనకి పీడీఎఫ్ పంపాను. ఉదయం పదకొండింటికి పంపితే పన్నెండున్నరకి జవాబొచ్చింది. "నాయనా, గుండె బరువెక్కింది. ముఖ్యంగా ఆ తల్లి పాత్ర కళ్ల ముందు నుంచి కదలడం లేదు. నువ్వు ఆగకు, రాస్తూనే ఉండు."

నా నాటికలో తల్లి లేదు.

మరి నేనేం చేశానంటే, స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి చూపించాను, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తల్లి సంగతి నాకు తట్టకపోలేదు. ఆయన ఇంకేదో దాంతో కలిపేసుకుని ఉంటారు, పెద్దాయన, పోన్లే అనుకున్నాను. పొగడ్త అంత తీపిగా ఉంటుంది. కరోనా కొంచెం తగ్గాక మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆరుగురం కూర్చుని దాన్ని పైకి చదివాం. ముప్ఫై మంది దాకా వచ్చారు. తొమ్మిదో నిమిషానికి ఒక్కొక్కటిగా ఫోన్లు వెలిగాయి. చీకట్లో ఆ వెలుగులు ఎన్నో లెక్కపెట్టుకుంటూనే నా డైలాగులు చదివాను. అంతా అయ్యాక పక్క ఫ్లాటు అబ్బాయి, ఎనిమిదో క్లాసు, వచ్చి అడిగాడు: "అంకుల్, ఆయన ఫోన్ ఎప్పుడు పెట్టేస్తాడా అని చూస్తూ కూర్చున్నాను. అంతసేపు ఎవరితో మాట్లాడాడు?"

నిజమే. మొదటి సీన్లో నా హీరో ఫోన్లో స్నేహితుడికి కథంతా చెప్తాడు. తనకేం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఇంట్లో ఎందుకు చెప్పలేదు, అన్నీ. ప్రేక్షకులకి చెప్పాల్సినదంతా ఫోన్లోకి దించేశాను. నలభై ఏళ్లు స్టేజీ మీద బతికిన మనిషి చెప్పాల్సిన సంగతి నాకు ఎనిమిదో క్లాసు పిల్లాడు చెప్పాడు. ఆయన చెప్పలేక కాదు. చదివుంటే రెండో పేజీలోనే పట్టుకునేవారు. చదవలేదు, లేదా చదివి కూడా నొప్పించడం ఎందుకని ఊరుకున్నారు. రెండిట్లో ఏది నయమో నాకిప్పటికీ తేలలేదు.

ఆ పక్కనుంచి వచ్చే వాదన నాకు తెలుసు. నాటకం అసలే కొన ఊపిరితో ఉంది, రాసేవాళ్లు గుప్పెడు మంది, చూసేవాళ్లు అంతకంటే తక్కువ, ఉన్న నలుగురినీ విమర్శించి పారిపోయేలా చేస్తావా అని. ఈ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి మన నాటకం ఎక్కువగా పోటీల్లోనే బతికింది. పరిషత్తులు లేకపోతే ఈ మాత్రం కూడా ఉండేది కాదు, ఆ రుణం పెద్దది. కానీ పోటీలో ఇవాళ్టి రచయిత రేపటి న్యాయనిర్ణేత. ఇవాళ మీరు నా నాటికలో తప్పు పడితే, రేపు మీ నాటిక నా ముందుకొస్తుంది. ఎదురుగా కూర్చున్న వాళ్లలో సగం మంది తమ వంతు కోసం మేకప్ వేసుకుని ఎదురుచూస్తున్న ఇంకో సమాజం వాళ్లు. అలాంటి చోట నిజం చెప్పడం ఖరీదైన వ్యవహారం. అందుకే మన మెచ్చుకోలు భాష బహుమతి పత్రం భాషలా తయారైంది. ఉత్తమ రచన, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు. ఈ మాటలకి విశేషణాలు తగిలిస్తే ముందుమాట రెడీ.

ఇందులో పోయేదేంటో చెప్పాలి. నాటిక అంటే కాలంతో చేసే పని. గంటలోపు అయిపోవాలి. ఎవరు ఎన్నో నిమిషంలో లోపలికొస్తారు, వచ్చేసరికి ప్రేక్షకుడికి ఎంత తెలుసు, ఆ పాత్రకి ఎంత తెలుసు, ఈ రెండిటి మధ్య ఎంత దూరం ఉంది, ఇదంతా కథలోలాగా పేజీ వెనక్కి తిప్పి చూసుకునే వ్యవహారం కాదు. ఈ సంగతి నాటక రచయితకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాలాంటి ఔత్సాహికుడు "ఎక్కడో బోర్ కొట్టింది" అని ఆగిపోతాడు. ఎక్కడ, ఎందుకు అనేది ఆయన చెప్పగలడు. ఆ చెప్పగలిగినాయన "కథాంశం సమకాలీనం" అని ఊరుకుంటే, ఇస్త్రీ చెయ్యమని ఇచ్చిన చొక్కాని చూసి రంగు బాగుందని తిరిగిచ్చినట్టు.

చప్పట్లతోనూ ఇదే చిక్కు. రవీంద్రభారతిలో చూస్తుంటాను. ఏదో పాత్ర స్టేజీ ముందుకొచ్చి, పక్కనున్న పాత్రని వదిలేసి మన వైపు తిరిగి, దేశం గురించో అమ్మ గురించో నాలుగు వాక్యాలు గట్టిగా అంటుంది. చప్పట్లు. మర్నాడు ఎవరో రాస్తారు, సంభాషణలకి హాలు దద్దరిల్లిందని. ఆ మాట ఆ పాత్ర ఎవరితో అంది? అంటే వాళ్లకేమైంది? అవతలి పాత్ర అప్పటిదాకా చేతులు కట్టుకుని లైటు కింద నిలబడే ఉంది పాపం.

తోటి రచయితల్ని నిజంగా చూసిన వాళ్లు లేకపోలేదు. 1895లో బెర్నార్డ్ షా లండన్‌లో సాటర్డే రివ్యూ పత్రికకి నాటక విమర్శలు రాసేవాడు. ఆ జనవరిలో ఆస్కార్ వైల్డ్ 'యాన్ ఐడియల్ హజ్బెండ్'ని మెచ్చుకున్నాడు. నెల తిరిగేసరికి 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' వచ్చింది. ఊరంతా నవ్వుతోంటే షా మాత్రం, నవ్వించింది గానీ నన్ను తాకలేదు అన్న అర్థంలో రాశాడు. ఇద్దరూ ఐరిష్ వాళ్లే, ఇద్దరూ నాటక రచయితలే. ఆ నాటకం విషయంలో షా తప్పని చాలామంది ఇవాళ అంటారు, నేనూ అంటాను. అయినా నూట ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆ తప్పుతో వాదించొచ్చు. "కంటతడి పెట్టించింది"తో ఏం వాదిస్తాం? ఇంకొకటి నాకు మరీ ఇష్టం. హెరాల్డ్ పింటర్ తన నాటకాలు రాతప్రతిలో ఉండగానే శామ్యూల్ బెకెట్‌కి పంపేవాడు. 'సైలెన్స్' పంపితే బెకెట్ మెచ్చుకుంటూనే, ఒక ఫలానా సంభాషణ దగ్గర ఇంకోసారి ఆలోచించమన్నాడట. పింటర్ ఒప్పుకోలేదు. రిహార్సల్స్‌లో చూస్తే సరిగ్గా అదే నిలబడలేదు, తీసేశాడు. నాకు తెలిసి ఒక నాటక రచయిత ఇంకో నాటక రచయితకి ఇవ్వగలిగిన గౌరవం అంతకంటే లేదు.

మన గురజాడనే చూడండి. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని అక్కడితో వదల్లేదు. 1909లో తిరగరాసి, పెంచి, దాదాపు కొత్త నాటకం చేశాడు. మనం ఇవాళ నెత్తిన పెట్టుకునేది వెర్షన్ టూ.

ఇప్పుడు అసలు కోపానికి వస్తాను. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగి, ఆదివారం సాయంత్రం పనిగట్టుకుని నాటికకి వెళ్తే నాకు స్టేజీ మీద కనిపించేది ఎవరు? నేనే. సాఫ్ట్‌వేర్ కొడుకు. మెడలో ట్యాగు, చెవిలో ఇయర్‌ఫోను, నోట్లో సగం ఇంగ్లీషు. అమెరికాలో ఉంటాడు, లేకపోతే గచ్చిబౌలిలో. తల్లిదండ్రుల్ని వృద్ధాశ్రమంలో పడేస్తాడు. చివర్న తండ్రి ఓ పేజీన్నర మాట్లాడతాడు, వీడు కాళ్ల మీద పడతాడు, లైట్లు ఆరతాయి. ఈ కొడుకుని నేను ఎన్ని నాటికల్లో చూశానో లెక్క లేదు. పేరు మారుతుంది, ట్యాగు తాడు రంగు మారుతుంది.

అవమానంగా ఉందని అనడం లేదు. అలాంటి కొడుకులు ఉన్నారు, మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. నా బాధల్లా, ఆ నాటిక మొదటిసారి చదివిన తోటి రచయిత ఒక్క ప్రశ్న కూడా అడగలేదేమని. వీడికి జీతమెంత? ఈఎంఐ ఎంత? రాత్రి కాల్ ఎన్నింటికి అవుతుంది? నాన్న ఫోన్ చేసినప్పుడు ఎందుకు ఎత్తలేదు, పొగరా, భయమా, మ్యూట్‌లో ఉన్నాడా? అడిగుంటే ఆ కొడుకు మనిషయ్యేవాడు. తండ్రి దుఃఖం కూడా ఇంకా లోతుకి దిగేది. ఎందుకంటే అప్పుడు ఇద్దరూ గెలవలేరు.

ఆత్రేయ గుమాస్తాకి ఆ పని చేశాడు. 'ఎన్.జి.ఓ.' నాటకంలో చాలీచాలని జీతం మీద బతికే గుమాస్తాని దూరంగా నిలబెట్టి వేలు చూపించలేదు, వాడి ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాడు. దాన్నే 1953లో 'గుమాస్తా' పేరుతో సినిమా తీశారు. అప్పట్లో గుమాస్తా ఎలాగో ఇవాళ ఈ ఊళ్లో మేమలాగ. మాదాపూర్ పీజీల్లో ఒక్కో గదికి ముగ్గురు, నోటీస్ పీరియడ్ లెక్కలు, కెమెరా ఆపేసుకుని పదకొండు నిమిషాల్లో ఉద్యోగం తీసేసే కాల్, తెల్లవారుజామున డ్రాప్ క్యాబ్‌లో నిద్రపోకుండా డ్రైవర్‌తో కబుర్లు. ఇందులో ఎన్ని నాటికలున్నాయి! మా మీద ఒక 'ఎన్.జి.ఓ.' లేదు. ఉంటే నాకు కనపడలేదు, చూపిస్తే బాకీ ఉంటాను.

మా వృత్తిలో కోడ్ రివ్యూ అని ఒకటుంది. ఎంత సీనియరైనా రాసిన కోడ్ ఇంకొకరు చదివి సరేనంటే గానీ లోపలికి పోదు. పద్నాలుగో లైను ఎందుకు, ఈ పేరు అర్థం కావట్లేదు, ఇది ఇంతకుముందే ఉంది కదా అని కామెంట్లు వస్తాయి. చదవకుండా "ఎల్‌జీటీఎం", అంటే నాకు బాగానే ఉంది, అని కొట్టేసేవాళ్లూ ఉంటారు. వాళ్లని ఎవరూ మంచివాళ్లనరు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ముందు వెతికేది దాన్ని పాస్ చేసిందెవరనే. (మా వాళ్లు పుణ్యపురుషులని కాదు. ఏడాదికోసారి మేనేజర్ రాసే అప్రైజల్ చదివితే నాటికల ముందుమాటే గుర్తొస్తుంది. "ఆణిముత్యం" బదులు "కీ కంట్రిబ్యూటర్" అని ఉంటుంది, అంతే.)

ఇంతా తిట్టాక నువ్వెలా మెచ్చుకుంటావో చూపించమంటారు. సరే. ఈ మధ్య మా పక్క బిల్డింగులో టెస్టింగ్ చేసే ఒకమ్మాయి ఇరవై నిమిషాల నాటిక రాసి పంపింది. రాత్రి ఎనిమిది దాటాక ఒక ఆఫీసు ఫ్లోర్లో ఇద్దరు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. ఒకావిడ పాలమూరు, ఇంకొకావిడ శ్రీకాకుళం, ఇద్దరి యాసా ఆ పిల్ల కల్తీ లేకుండా రాసింది. వాళ్లు కూతురి ఫీజు గురించి, నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడుకుంటుంటారు. మాట్లాడుకుంటూనే చెత్తబుట్టలు ఖాళీ చేస్తుంటారు. నాలుగో బుట్ట దగ్గర పెద్దావిడ ఆగి, "ఈ వరసల కప్పులే లేవేందే" అంటుంది. అంతే. ఆ వరసలో వాళ్లని తీసేశారని ప్రేక్షకుడికి అక్కడ తెలుస్తుంది, ఆ ఇద్దరికీ ఇంకా తెలియదు. తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నా, ట్యాంకర్ గురించైనా సరే, మనకి ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది, ఎందుకంటే మనుషులు తగ్గితే బుట్టలు తగ్గుతాయి, బుట్టలు తగ్గితే వీళ్లు తగ్గుతారు. నేను తొమ్మిది నిమిషాల ఫోన్లో చెప్పలేనిది ఆమె కాఫీ కప్పులతో చెప్పింది.

పద్నాలుగో నిమిషంలో ఒక మేనేజర్ అట్టపెట్టెతో లోపలికొచ్చి, రెసెషన్ గురించి, కంపెనీల అమానుషత్వం గురించి వాళ్లకి ఉపన్యాసం ఇస్తాడు. అప్పటిదాకా బిగుసుకున్న దారం అక్కడ తెగిపోయింది. అతన్ని తీసెయ్యమని రాశాను. జవాబు లేదు. రెండు వారాల తర్వాత మెసేజ్ వచ్చింది: "అన్నా, మొదట్లో చానా కోపమొచ్చింది. ఇంట్లో పైకి చదివి చూసిన. కొత్తది పంపిస్తున్న, చూడు."

కొత్త డ్రాఫ్టులో మేనేజర్ ఇంకా ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు మాట్లాడడు. అట్టపెట్టె తెచ్చి బుట్టల పక్కన పెట్టి, ఐడీ కార్డు దాని మీద వదిలేసి, లిఫ్ట్ రాకపోతే మెట్ల మీదుగా వెళ్లిపోతాడు. శ్రీకాకుళం ఆవిడ ఆ కార్డు తీసి, తుడిచి, సారు మర్చిపోయాడని డెస్కు మీద పెడుతుంది.

మూడుసార్లు చదివాను. మెట్ల సంగతి వద్దని, లిఫ్టే రానిచ్చి అతన్ని అందులో నిలబెట్టమని రాశాను. ఆమె ఒప్పుకోవట్లేదు.