ఊరు చేరాక కొనసాగవలసిన వైద్యం

సంతానం కోసం ఐవీఎఫ్‌ను ఆశ్రయించే దంపతులు సరిహద్దు గ్రామాలలోనూ ఉన్నారు. అండాల సేకరణ, పిండం బదిలీ బెంగళూరులోనో, చెన్నైలోనో, విశాఖపట్నంలోనో జరుగుతాయి. ఆ తరువాతి వారాల మందులు మాత్రం ఇంటివద్దనే వాడుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సహజంగా అండం విడుదలైన చోట అండాశయంలో ఒక చిన్న గ్రంథి ఏర్పడి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. గర్భాశయపు లోపలి పొరను పిండం అంటుకొనేందుకు సిద్ధపరచేది ఈ హార్మోనే. ఐవీఎఫ్‌లో ఎక్కువ అండాల కోసం ఇచ్చే ఇంజెక్షన్ల ప్రభావం వల్ల ఆ గ్రంథిని పోషించే సంకేతం తగ్గి, అది త్వరగా క్షీణిస్తుంది. ఆ లోటును పూరించుటకే ప్రొజెస్టిరాన్‌ను బయటనుండి ఇస్తారు.

అయితే ఈ అవసరం అందరికీ ఒకే విధంగా ఉండదు. అండాలు తీసిన కొద్ది రోజులకే పిండాన్ని ప్రవేశపెట్టినప్పుడు, గర్భం నిలిస్తే పిండం నుండి వచ్చే హెచ్‌సీజీ ఆ గ్రంథిని తిరిగి పనిచేయిస్తుంది. ఇటువంటివారికి కనీసం గర్భ నిర్ధారణ పరీక్ష వరకు ప్రొజెస్టిరాన్ ఇవ్వాలని 2019 నాటి ఐరోపా వైద్య మార్గదర్శకాలు సూచించాయి. శీతలీకరించిన పిండాన్ని, పూర్తిగా మందులతోనే సిద్ధపరచిన గర్భాశయంలో ప్రవేశపెడితే పరిస్థితి వేరు. అప్పుడు అండం విడుదల కాదు, గ్రంథి ఏర్పడదు. మావి బాధ్యత స్వీకరించేంతవరకు హార్మోన్ల భారమంతా మందులదే. అందుచేతనే వైద్యులు సాధారణంగా పది, పన్నెండు వారాల వరకు వాటిని కొనసాగిస్తారు. "పరీక్షలో గర్భమని తేలగానే నేను మానేశాను" అని బంధువు ఇచ్చే సలహా ఒకరికి హాని చేయకపోవచ్చు, మరొకరికి గర్భస్రావం తేవచ్చు.

వాడే మార్గం కూడా ముఖ్యమే. ఒకే ప్రొజెస్టిరాన్ గుళికను నోటి ద్వారాను, యోని ద్వారాను వాడేందుకు రాసే సందర్భాలున్నాయి. మింగినప్పుడు చాలా భాగం కాలేయంలోనే విచ్ఛిన్నమవుతుంది, మగత కూడా కలుగుతుంది. మార్గం స్పష్టంగా రాయని చీటీ ప్రమాదకరం.

మందులు పెరిగితే ఫలితం పెరుగుతుందన్న భావమూ సరికాదు. అండాలు తక్కువగా వచ్చే స్త్రీలకు గ్రోత్ హార్మోన్, డీహెచ్ఈఏ వంటివాటిని ఆ మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. ఆయుష్మాన్ భారత్‌లో సంతానలేమి చికిత్సకు చోటు లేనందున, ప్రతి అదనపు ఇంజెక్షన్ ఖర్చూ కుటుంబంపైనే పడుతుంది.

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం 2022 జనవరిలో అమలులోకి వచ్చింది. విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాల గురించి దంపతులకు వివరించడం, జరిపిన చికిత్స వివరాలతో డిశ్చార్జి పత్రం ఇవ్వడం, ఫిర్యాదుల విభాగం నిర్వహించడం ఆస్పత్రుల విధులని ఆ చట్టం నిర్దేశించింది. రాష్ట్రం మారినా ఈ హక్కు మారదు. కాని ఆ వివరణ అర్థం కాని భాషలో సాగితే హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

కావున ఊరికి బయలుదేరేముందే దంపతులు కొన్ని విషయాలు తెలుగులో రాయించుకోవడం, లేదా తామే రాసుకొని వైద్యునికి చూపించుకోవడం మేలు. ఏ మందు, ఏ మార్గంలో, ఏ వేళకు, ఏ తేదీ వరకు వాడాలి? రక్తస్రావం కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఆ జవాబు అందేవరకు మందును సొంతంగా ఆపకూడదు.