విప్పేసిన కారు చచ్చిన కారే



పోయిన వారం మన పేజీలో ఒక తమ్ముడు ఒక వీడియో పెట్టినాడు. ఇంగ్లండులో ఒకాయన ఇంటి వెనక షెడ్డులో తుప్పు పట్టిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారును మరమరా విప్పేస్తాడు, రుద్దుతాడు, రంగేస్తాడు, ఇరవై నిమిషాల్లో రోడ్డెక్కించేస్తాడు. వెనక పాట కూడా ఉంది. కింద తమ్ముడు రాసిన మాట: "మన అయనావరం పెద్దలు ఒక హెరాల్డు కారును ఏండ్ల తరబడి చేస్తానే ఉన్నారు. వాళ్ళు ఇది తప్పక చూడాలి." దానికి పడిన నవ్వు బొమ్మలు కూడా చూసినాం.

ఆ అయనావరం పెద్దలం మేమే. ముగ్గురం. నవ్వినవాళ్ళ మీద మాకు కోపం లేదు, నవ్వాల్సిన పనే చేసినాం. కోపమంతా ఆ వీడియో మీద. 2018 లో మేము చూసింది కూడా అట్లాంటి వీడియోనే. దాన్ని నమ్మి, నడుస్తా ఉన్న ఒక కారును ముక్కలు చేసినాం. నడుస్తా ఉన్న కారును. ఈ మాట రెండుసార్లు ఎందుకు రాసినామో చివరిదాకా చదివితే తెలుస్తాది.

ముందు స్పిట్‌ఫైరుకీ మా హెరాల్డుకీ ఉన్న చుట్టరికం చెప్పాలి. ట్రయంఫ్ హెరాల్డు 1959 లో ఇంగ్లండులో వచ్చింది, ఇటలీ ఆయన మిచెలొట్టి గీసిన బొమ్మ. ఆ హెరాల్డు కింది భాగాలనే తీసుకుని, చాసీని కురచ చేసి, పైన రెండు సీట్ల చిన్న బాడీ పెట్టి 1962 లో స్పోర్ట్స్ కారుగా అమ్మినారు. అదే స్పిట్‌ఫైర్. 1980 దాకా కోవెంట్రీ ఊళ్ళో కాన్లీ ఫ్యాక్టరీలో తయారయింది. అన్న హెరాల్డు మాత్రం 1961 లో మద్రాసుకు వచ్చేసింది. తాంబరం దాటినాక వండలూరు పక్కన స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ వాళ్ళు చేసిన స్టాండర్డ్ హెరాల్డు అదే, 948 సీసీ ఇంజను. మన వయసువాళ్ళకు దీని గురించి చెప్పనక్కరలేదు. ముందు బానెట్ మొత్తం మొసలి నోరు తెరిచినట్టు లేస్తాది, చక్రాల మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు.

ఈ కారుకు ఇంకో గుణం ఉంది. మమ్మల్ని ముంచింది అదే. 1950లలో ఆ కంపెనీకి బాడీలు చేసిచ్చే సంస్థను పోటీ కంపెనీ కొనేసింది. ఒక్క ముక్కగా బాడీ చేసిచ్చేవాళ్ళు దొరక్క, పాతకాలం పద్ధతిలో విడి చాసీ పెట్టి, దాని మీద బాడీని ముక్కలుగా బోల్టులతో బిగించినారు. అంటే టోపీ తీసినట్టు పైకప్పు తీసేయొచ్చు. ముందు ముక్క, వెనక ముక్క, బానెట్, అన్నీ బోల్టులే. "విప్పడం ఎంత సులభం!" అని మురిసిపోయినాం. రెండు ఆదివారాల్లో కారు మాయమైపోయింది.

ఆ బాడీకీ చాసీకీ మధ్య ఇనుప బిళ్ళలు ఉంటాయి. ఒక చోట రెండు, ఒక చోట ఒకటి, ఇంకో చోట ఏమీ ఉండదు. ఏ కారుకు ఆ కారు చూసి సర్దినవి. తలుపు సందు పైనా కిందా సమానంగా ఉండేది ఆ బిళ్ళల పుణ్యమే. మేమేం చేసినామంటే, అన్నీ ఏరి ఒక హార్లిక్స్ సీసాలో వేసినాం. మా ముగ్గురిలో ఇద్దరం రైల్వేలో చేసినవాళ్ళం. మేకుకు కూడా రిజిస్టరులో లెక్క రాసిన చేతులు ఇవి. ఆ బిళ్ళలకు ఒక చీటీ కట్టాలని ఒక్కడికీ తోచలేదు! బాడీ మళ్ళీ పైన పెట్టిన రోజు డ్రైవరు తలుపు కింద బొటనవేలు పట్టేంత సందు, పైన కాగితం కూడా దూరదు. ఒక్క ఆ తలుపు కోసమే నాలుగు నెలలు పోయినాయి.

విప్పడం ఎట్లా అని సర్వీసు పుస్తకం పేజీలకు పేజీలు రాస్తాది. బిగించడం దగ్గరికి వచ్చేసరికి, విప్పిన పనినే వెనకనుంచి ముందుకు చెయ్యమని ఒక్క వరసలో తేల్చేస్తాది. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివినాం. ఆ ఒక్క వరస మాత్రం డిక్షనరీ లేకుండానే అర్థమయింది. దాన్ని మించిన అబద్ధం మేము ఏ భాషలోనూ చదవలేదు.

ఇప్పుడు అంగుళాల కథ. ఈ కార్ల బోల్టులు మిల్లీమీటరువి కావు, అంగుళాలవి. అర అంగుళం తల ఉన్న బోల్టుకు మన 13 నంబరు స్పానర్ పట్టినట్టే ఉంటాది. 12.7కీ 13కీ తేడా ఎంత, వెంట్రుకవాసి. కానీ యాభై ఏండ్ల తుప్పు మీద బలం వేస్తే ఆ వెంట్రుకవాసిలోనే బోల్టు తల గుండు అయిపోతాది. దీనికన్నా పెద్ద మోసం ఇంకొకటి ఉంది. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. మన ఊళ్ళో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు దాని రంధ్రంలో ఒకటి రెండు చుట్లు సుఖంగా పోతాది. మూడో చుట్టుకు గట్టిపడుతుంది. "తుప్పు ఉన్నట్టుంది" అని ఇంకొంచెం తిప్పుతాం. అంతే, లోపలి మర తెగిపోతుంది. అంగుళం మర అంగుళానికి 24 చుట్లు, మన మర ఒక్కో చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు, అవి రెండూ ఎప్పటికీ కలవవు. ఈ లెక్క మాకు చెప్పింది పుదుప్పేటలో పాత సామాన్ల కొట్టాయన. అప్పటికే మూడు రంధ్రాలు పాడు చేసుకుని పోయినాం. ఆయన నవ్వలేదు. "ఇట్లా వచ్చే నాలుగోవాళ్ళు మీరు" అన్నాడు, అంతే.

"ఇండియాలో సామాను దొరకదు కాబట్టి మీకీ గతి, ఇంగ్లండులో అయితే ఫోను కొడితే ఇంటికొస్తాది" అని ఎవరైనా రాయకముందే జవాబు చెప్తాం.

మన సంఘం సభ్యుడొకాయన కొడుక్కు కోవెంట్రీ దగ్గర ఉద్యోగం. 2019 లో ఒక 1976 స్పిట్‌ఫైర్ కొన్నాడు. అది పుట్టిన ఊరు, ఆ పిల్లవాడు కాపురం ఉండే ఊరు దాదాపు ఒకటే. సామాను పోస్టులో రెండు రోజుల్లో ఇంటికి వస్తాది. చట్టం కూడా వాళ్ళ పక్కనే ఉంది: నలభై ఏండ్లు దాటిన కారుకు అక్కడ రోడ్డు పన్ను కట్టక్కరలేదు, 2018 నుంచి ఏటా చేసే పరీక్ష కూడా లేదు. ఇంతకన్నా ఏం కావాలి? ఆ కారు ఇప్పుడెక్కడుందని అడిగితే, అతని గ్యారేజీలో, పెట్టెల్లో.

ఏం జరిగిందో విడియో కాల్‌లో చూపించినాడు. స్పిట్‌ఫైరుకు పైకప్పు లేదు. మా హెరాల్డు చాసీకి ఉన్న పక్క చట్రం కూడా దానికి లేదు. తలుపు కింద ఉండే పెట్టెలాంటి గడపే బరువు మోస్తాది. ఆ గడప తుప్పు పట్టింది, నిజమే. కొయ్యకముందు తలుపు ఉండే చోట అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డు చేసి బిగించుకోవాలి. పిల్లవాడికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. అతను చూసిన వీడియోలో ఆ ముక్క నాలుగు సెకండ్లు ఉంటాది, పాట మధ్యలో. కోసినాడు. కారు నడుము వంగింది. ఇప్పుడు తలుపు మూసుకోదు. కొత్త గడప తెప్పిస్తే అది అతకదు. తప్పు ఆ గడపదో నడుముదో చెప్పడానికి ఇప్పుడు కొలత లేదు, కొలత కారులోనే ఉండింది, దాన్ని కోసేసినాడు. కొత్తగా కొన్న రబ్బరు బుష్షులు బిగించకుండానే పెట్టెలో పగులుతా ఉన్నాయంట. సామాను దొరికితే సరిపోదు నాయనా. ఆ సామాను ఎక్కడ, ఎట్లా కూర్చోవాలో చెప్పేది నిలబడి ఉన్న కారు ఒక్కటే. దాన్ని విప్పేసినామంటే సాక్షిని మనమే చంపుకున్నట్టు.

ఇంక మా పెట్టెల సంగతి. నిలబడి ఉన్న హెరాల్డుకు ఒక చిన్న షెడ్డు చాలు. విప్పిన హెరాల్డుకు ఇల్లంతా చాలదు. సీట్లు మంచం కింద, అద్దాలు బీరువా వెనక, తలుపులు మిద్దె మీద. ఇంజను, గేర్ల పెట్టె, చిన్న సామాను కింద పోర్షన్‌లో పద్దెనిమిది పెట్టెల్లో. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. ఆ రోజుల్లో వేళచేరి జనం కార్లను తీసుకుపోయి వంతెన మీద వరసగా నిలబెట్టుకున్నారు, మీరంతా టీవీలో చూసినారు. నడవని కారును కూడా నలుగురు పట్టి తోయొచ్చు, చక్రాలు ఉంటే. పద్దెనిమిది పెట్టెలను ఎట్లా తోస్తాం? మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూస్తా ఉండినాం. లేతు పట్టరైలో బోరు తీయించి కొత్త పిస్టన్లు వేసి పెట్టుకున్న ఇంజనులోకి మురికినీళ్ళు పోయినాయి. అది మళ్ళీ మొదటినుంచి.

ఆర్సీ సంగతి కూడా వినండి. సొంత కారుకు పదిహేనేండ్లు దాటితే ఐదేండ్లకొకసారి బండిని తీసుకుపోయి చూపించి ఆర్సీ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుంచి 5,000 చేసినారు. రుసుము కట్టడానికి మేము సిద్ధమే, కానీ ఏ బండిని చూపిస్తాం? హార్లిక్స్ సీసానా? 2021 లో కేంద్రం యాభై ఏండ్లు దాటిన బండ్లకు వేరే పద్ధతి పెట్టింది, వీఏ అనే అక్షరాలతో నంబరు, కొత్తగా నమోదుకు 20,000. దానికీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ తిరగడానికీ లేదు. విప్పి మార్చినకొద్దీ ఆ తలుపు కూడా మూసుకుపోతుంది.

"అయితే తుప్పు పట్టి పోనీమంటారా?" అని అడుగుతారు. అనం. కాట్పాడిలో మనవాళ్ళదే ఒక హెరాల్డు ఉంది. చూస్తే ముఖం తిప్పుకుంటారు. ఒక తలుపు నీలం, తక్కినదంతా తెలుపు, పొగ కూడా వస్తాది. మేమే ఎగతాళి చేసినాం. ఆయన ఇంతవరకు ఒకసారికి ఒక పనికన్నా ఎక్కువ పెట్టుకోలేదు. ఒక ఏడు బ్రేకులు. ఇంకో ఏడు ముందు చక్రాల దగ్గరి ఇత్తడి ట్రనియన్లు. (వాటిలో గ్రీజు కొట్టకండి, గేర్ ఆయిల్ పోయాలి. మన షెడ్లలో గ్రీజు కొట్టి కొట్టి అందులో తిరిగే కడ్డీ తుప్పు పట్టి విరిగి చక్రం పడిపోతా ఉండింది.) ఒక పని మొదలుపెడితే అది ముగిసి కారు వీధి చివరిదాకా పోయి వచ్చినాకనే రెండో బోల్టు ముట్టుకుంటాడు. ఆ కారు మొన్న పొంగలుకు కూడా నడిచింది. చాసీయే తుప్పుతో చిల్లులు పడితే వేరే దారి లేదు, బాడీ ఎత్తాల్సిందే, ఒప్పుకుంటాం. మాది చిల్లులు పడలేదు. రంగు వెలిసింది, ఇంజను ఆయిలు కారుస్తా ఉండింది, అంతే. ఆ రెండింటికోసం మేము కారునే లేకుండా చేసినాం.

ఆ కారు మాది కూడా కాదు. సంఘంలో పెద్దాయనది. పేరు రాయం, మీకందరికీ తెలుసు. 1974 లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇద్దరు కూతుళ్ళనూ పెండ్లి మంటపానికి తీసుకుపోయింది దాంట్లోనే. 2018 లో తాళం చెవి మా చేతిలో పెట్టి, "ఏమప్పా, ఆయిలు కారతా ఉంది, కాస్త చూడండి" అన్నాడు. చూడమని మాత్రమే అన్నాడు. ఆయనకు ఇప్పుడు ఎనభై ఆరు. ఉగాది సమావేశానికి వచ్చినప్పుడల్లా "బండి యాడికి వచ్చింది?" అని అడుగుతాడు. "ఇంకొంచెమే అన్నా" అంటాం. పోయిన ఉగాదికి అడగలేదు.

అందుకే ఇప్పుడు మెరుపులన్నీ మానుకున్నాం. రంగు లేదు, క్రోము లేదు. తలుపు సందు ఎట్లా ఉంటే అట్లా. బాడీ చాసీ మీద ఎక్కింది, వెనక బ్రేకులు అయినాయి, ఈ ఆదివారం ముందు బ్రేకులు. వీడియో పెట్టిన తమ్ముడికి చేతులు ఖాళీగా ఉంటే రావచ్చు, మా ముగ్గురి మోకాళ్ళూ కిందకి దిగడం లేదు.

ఇంకొకటి. 5/16 అంగుళం, 24 మరల ట్యాపు ఎవరి దగ్గరైనా ఉంటే రెండు రోజులకు ఇవ్వండి. ఎడమ హెడ్‌లైటు రింగు వరదలో పోయింది, పాతదైనా సొట్టదైనా సరే. ఇంట్లో నిలబడిన హెరాల్డు ఉన్నవాళ్ళు దాన్నుంచి విప్పి మాత్రం పంపకండి.