ఫోన్ ఎవరి చేతిలో ఉంటే రిపోర్టు వాళ్లదేనా?

లండన్‌లోని లాంబెత్, సదర్క్ ప్రాంతాల్లో సుఖవ్యాధుల పరీక్ష కిట్‌ను ఆన్‌లైన్‌లో అడిగితే పోస్టులో వస్తుంది. శాంపిల్ తీసి తిరిగి పంపితే ఫలితం ఫోన్‌కు వస్తుంది. అక్కడ జరిపిన ట్రయల్ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆన్‌లైన్ దారి చూపిన వారిలో ఆరు వారాల్లో 50 శాతం మంది పరీక్ష చేయించుకున్నారు. క్లినిక్‌ల వివరాలు మాత్రమే ఇచ్చిన వారిలో 26.6 శాతమే. మన నగరాల్లోనూ ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ప్రైవేటు ల్యాబులు పెరిగాయి. మరి మన వాడల్లోని ఆడవాళ్లకు ఇది ఏమేరకు అందుతుంది?

ఇది పనికిరాదని మేము అనడం లేదు. ఆస్పత్రిలో ఓపీ చీటీ రాసేటప్పుడు ఏ ఊరు, ఏ కాలనీ అని అడిగితే చాలు, కులం తెలిసిపోతుంది. ఆ తర్వాత చూసే చూపు మనకు తెలుసు. కిట్‌కు ఆ చూపు లేదు. పైగా ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో మందులు ప్రధానంగా లక్షణాలను బట్టే ఇస్తారు. క్లమిడియా, గనేరియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి లక్షణాలే కనబడవు. అలాగే వదిలేస్తే పిల్లలు పుట్టకపోవచ్చు. గొడ్రాలన్న మాటా ఆమే పడాలి.

అయితే కిట్ రావాలంటే అడ్రసు, ఓటీపీ, ఫోన్ కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లు 48.8, 57.9 శాతం. ఇవి అన్ని కులాలూ కలిపిన లెక్కలు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ భర్త జేబులో ఉంటే పాజిటివ్ అన్న మెసేజ్ ముందు చదివేది ఎవరు? జబ్బు అతని నుంచే వచ్చినా తన్నులు ఆమెకే. (సుఖవ్యాధి అట! ఎవరి సుఖమో?)

చట్టం ఆదుకుంటుందా? హెచ్ఐవీ ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. సిఫిలిస్ ఆ చట్టం కిందికి రాదు. 2023 డిజిటల్ డేటా చట్టమైతే ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదని విడిగా గుర్తించనే లేదు. 2019 బిల్లులో ఆ ఏర్పాటు ఉండేది.

యాప్ తెస్తే తెండి. కానీ ఫోన్ లేని మనిషికి సబ్ సెంటర్‌లోనే కిట్ దొరకాలి. పేరు బదులు నంబరు ఉండాలి. ఫలితం ఆమె కోరిన చోట, ఆమె ఊరికి చెందని కౌన్సిలర్ నోటితో చెప్పాలి. ఎంతమంది దళిత స్త్రీలకు పరీక్ష అందిందో, వ్యక్తుల వివరాలు బయటపడకుండా, ప్రభుత్వం లెక్క చెప్పాలి.

ఇంకొకటి. సిఫిలిస్ తేలితే పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకోవాలి. అది పోస్టులో రాదు. మళ్లీ ఆ ఆస్పత్రికే వెళ్లాలి, ఆ కౌంటర్‌లోనే ఏ కాలనీ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి.