మన కాళ్ళ కింది చీలిక

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే "మన దగ్గర కూడా భూకంపాలా?" అని అందరూ ఆశ్చర్యపోయారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిందని మనకెవరూ చెప్పలేదు.

గోదావరి లోయ ఒక పాత చీలిక. దాదాపు 30 కోట్ల ఏళ్ళ క్రితం ఇక్కడ భూమి పైపొర సాగి, పలచబడి, పగుళ్ళ మధ్య నేల కుంగింది. ఆ పల్లంలో చెట్లు, ఇసుక, మట్టి పొరలుగా పేరుకున్నాయి. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. ఆ వేడికి, పైబరువుకు చెట్లే సింగరేణి బొగ్గయ్యాయి. చీలిక పూర్తయి ఉంటే ఇక్కడ సముద్రం వచ్చేది. అది మధ్యలో ఆగింది గాని, పాత పగుళ్ళు అలాగే ఉన్నాయి.

మిత్రులారా! మనలో చాలామంది నాన్నలు, తాతలు బొగ్గు బాయి దిగినవారే. వాళ్ళు తవ్విన పొర కథ తెలియకుండా ఆఫ్రికా పగులు లోయ మీద రెండు మార్కుల జవాబు బట్టీ పడితే అది చదువవుతుందా? నేల కదిలినప్పుడు మెట్ల మీద తొక్కిసలాడకుండా బల్ల కిందికి చేరాలన్న తెలివి కూడా చదువే ఇవ్వాలి.

ఈ సెలవులకు ఇంటికి పోయినవారు ఒక బొగ్గుపెళ్ళ, ఒక ఇసుకరాయి తీసుకురండి. రీడింగ్ రూములో పెట్టి తమ్ముళ్ళకు మనమే చెబుదాం.