పడక లెక్క కాదు, ఇంటి లెక్క కావాలి

నగరాలలో స్థలం కరవైనదనీ, కర్మాగారంలో పోతపోసిన గదులను లారీలపై తెచ్చి ఒకదానిపై నొకటి పేర్చే చిన్న చిన్న మాడ్యులర్ ఇళ్లే ఇందుకు పరిష్కారమనీ ప్రభుత్వాలూ, నిర్మాణ సంస్థలూ విరివిగా ప్రచారం చేస్తున్నవి. ఇల్లు చిన్నదైనంత మాత్రాన మేము దానిని ఆక్షేపించము. రైల్వే క్వార్టర్లలోనూ, తపాలా కాలనీలలోనూ రెండు గదులలో సంసారాలు ఈది, పిల్లలను చదివించుకొన్న వారమే మనమందరమూ. అయితే ఆ చిన్నతనాన్ని ఎవరు, దేనితో కొలుస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సూరత్ నగరం కంటె మంచి పరీక్షాస్థలం లేదు.

వరంగల్లు నుండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్‌లో దిగిన తెలుగు నేతకార్మికులను మన రైల్వే సోదరులు దశాబ్దాలుగా ఎరుగుదురు. లింబాయత్ ప్రాంతంలో వారి వాడలే వెలసినవి. ఆ వాడల నుండి తెలంగాణ పల్లెలకు వచ్చిన మనియార్డర్లను గడపగడపకూ చేర్చినవారు మన తపాలా సోదరులు. సొమ్ము పంపిన మనిషి అక్కడ ఎట్టి గదిలో నిద్రించుచున్నాడో ఆ ఫారముపై వ్రాసి ఉండదు.

మరమగ్గాల కార్ఖానాలలో పన్నెండు గంటల షిఫ్టు నడుస్తున్నది. ఒడిషాలోని గంజాం జిల్లా నుండి వచ్చిన ఒంటరి కార్మికులు అత్యధికంగా ‘మెస్సు’లలో ఉంటారు. పగటి షిఫ్టువాడు లేచిపోయిన చోటనే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకొంటాడు. పరుపు చల్లారదు. యజమానికి ఒకే జాగాపై రెండు అద్దెలు ముట్టుతవి.

ఒక పడకను వంతులవారీగా వాడుకోవడం మనకు కొత్త కాదు గదా అని ఎవరైనా అనవచ్చును. రన్నింగు రూములలో ఇంజను సిబ్బందీ, విశ్రాంతి గృహాలలో ఆర్.ఎం.ఎస్. సార్టర్లూ అట్లే పడుకొన్నారు. నిజమే. కాని రన్నింగు రూము ఒక మజిలీ మాత్రమే. అక్కడ పడుకొన్నవానికి మరొకచోట ఇల్లున్నది, ఆ ఇంటికొక చిరునామా ఉన్నది. సూరత్ కార్మికునికి ఆ మజిలీయే ఏండ్ల తరబడి నివాసమైనది. మజిలీని ఇల్లని పిలువడాన్ని మేము అంగీకరింపజాలము.

ఈ నిర్లక్ష్యానికి నగరం మూల్యం చెల్లించకపోలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు సూరత్‌ను విడిచి రైళ్లకెక్కినారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు వీధులను శుభ్రపరచి దేశం మెప్పు పొందినాడు. వీధులు బాగుపడినవి గాని, కార్మికుని గది బాగుపడలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినపుడు అదే గదులలో పనిలేక, కూలిలేక మగ్గిన కార్మికులు తమను ఇళ్లకు పంపవలసినదిగా సూరత్ వీధులలో ఆందోళన చేసినారు. మే 1న లింగంపల్లి నుండి హతియాకు తొలి శ్రామిక్ రైలును నడిపినది మన రైల్వే ఉద్యోగులే. నగరంలో తనకంటూ ఇల్లున్నవాడు ఆపద వచ్చినపుడు నగరాన్ని విడిచి పరుగెత్తడు.

ఆ దృశ్యాలు చూచిన పిమ్మట కేంద్రం 2020 జూలైలో సరసమైన అద్దె గృహసముదాయాల పథకాన్ని ఆమోదించినది. దాని క్రింద సూరత్‌లో ఖాళీగా పడియున్న 393 ప్రభుత్వ గృహాలను అద్దెకిచ్చే ఏర్పాటు జరిగినది. స్వాగతించవలసినదే. కాని మగ్గాల నగరంలో లక్షల కార్మికుల నడుమ 393 ఎంత? మరియొక సంగతి గమనింపదగినది. ఆ పథకం డార్మిటరీలో పడకకు 10 చదరపు మీటర్లను గరిష్ఠ పరిమితిగా పెట్టినది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒంటి గది నివాసానికి 9.5 చదరపు మీటర్లను కనిష్ఠంగా నిర్ణయించినది. ఇంతకు తగ్గరాదన్నది కార్మికుని రక్షించే నియమం. ఇంతకు మించరాదన్నది ఖజానాను రక్షించే నియమం. మాకు కావలసినది మొదటిది.

సాంకేతిక విజ్ఞానానికి మేము వ్యతిరేకులము కాము. దేశవిభజన శరణార్థులకై 1948లో ఢిల్లీలో ప్రభుత్వమే గృహనిర్మాణ కర్మాగారం నెలకొల్పినది. 2021 జనవరి 1న ఆరు నగరాలలో లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన జరిగినది. వానిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌కు 1,144 ఇళ్లు, రాంచీకి 1,008 ఇళ్లు కేటాయించినారు. గదులను గదులుగానే పోతపోసి తెచ్చి అమర్చే పద్ధతిని రాంచీకి ఎంచినారు. పని త్వరగా ముగియును, వ్యర్థం తగ్గును. కాని పలకలతో కట్టిన ఇంటి ప్రాణం అతుకులలో ఉన్నది. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ భవనంలో ఒక వంటగదిలో గ్యాసు పేలి ఒక గోడపలక ఊడగా, ఆ మూలనున్న అంతస్తులన్నియు వరుసగా కూలి నలుగురు మరణించినారు. 2001 భూకంపపు కుదుపునూ, 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నీటితో వచ్చిన తాపీ వరదనూ చూచిన సూరత్‌లో అతుకులు, పునాది ఎత్తు, గాలి ప్రసారం అలంకారాలు కావు. అవి ప్రాణావసరాలు.

స్థలం సంగతి అన్నిటికంటె ముఖ్యం. ఎంత చక్కని ఇల్లయినా మగ్గానికి దూరంగా ఊరి అంచున కట్టితే, పన్నెండు గంటల పని చేసినవాడు దానిని వదలి మరల మెస్సుకే వచ్చును.

సాధ్యం కాదనువారికి షోలాపూరు సమాధానం చెప్పుచున్నది. అక్కడి బీడీ కార్మిక స్త్రీలు, వారిలో పెక్కుమంది తెలుగు పద్మశాలీలు, ఆడం నరసయ్య నాయకత్వాన సంఘటితులై పోరాడి పదివేల ఇళ్ల గోదూతాయి పరులేకర్ కాలనీని సాధించుకొన్నారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ దానిని ప్రారంభించినారు. తదుపరి రాయ్‌నగర్‌లో 15,000 ఇళ్లు 2024 జనవరిలో కార్మికుల కందినవి. ఆ ఇళ్లు పెద్దవి కావు. కాని వానికి తలుపులున్నవి, తాళాలున్నవి, తాళంచెవి కార్మికురాలి కొంగున ఉన్నది.

కావున మా కోరికలు స్పష్టం. సూరత్‌లో అద్దె గృహాలను పని స్థలాలకు చేరువలోనున్న ప్రభుత్వ భూములలో నిర్మించవలెను. పడకను గాక గదిని కొలమానంగా గ్రహించి, కనిష్ఠ విస్తీర్ణాన్ని శాసనబద్ధం చేయవలెను. కుటుంబాన్ని తెచ్చుకొనదలచినవానికి వంటగది, మరుగుదొడ్డి గల ఇల్లు ఇవ్వవలెను. అద్దె నిర్ణయంలో కార్మిక సంఘాలకు స్థానముండవలెను. ప్రతి ఇంటికి సంఖ్య ఉండవలెను, తపాలా బంట్రోతు ఆ తలుపు తట్టగలగవలెను.

క్వార్టర్ల కొరకు దశాబ్దాలుగా వినతిపత్రాలు వ్రాసిన మనకు ఈ కోరికల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మగ్గం దగ్గర నిలబడిన మన సోదరుని తరఫున కూడ ఆ వినతిపత్రంపై మన సంతకం పడవలసి ఉన్నది.