ఢిల్లీకి రాజైనా...

‘ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే’ అన్న సామెతను తెలుగువారికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. దానిని ఇంగ్లీషులోకి దించవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆ భాషలో ‘ప్రతి తల్లి కొడుకూ’ అంటే కేవలం ‘ప్రతి మనిషీ’ అని అర్థం. అక్కడ తల్లి మాయమై లెక్క మాత్రం మిగులుతుంది. మన సామెతలోనో, రాజు మాయమై తల్లి మిగులుతుంది.

1868లో మద్రాసులో తెలుగు సామెతల సంకలనాన్ని ప్రచురించిన కెప్టెన్ కార్ సామెతలకు మక్కికి మక్కి అనువాదం ఇచ్చి, అవసరమైన చోట వివరణనూ, సాటి వచ్చే ఆంగ్ల లోకోక్తినీ జోడించాడు. పరిశ్రమ ప్రశంసనీయమే. కాని వివరణతో వచ్చే చమత్కారం చల్లారిన ఉప్మా వంటిది; కడుపు నింపుతుంది, అంతే.

అసలు ఈ సామెతలోకి ఢిల్లీ ఎందుకు వచ్చింది? రాజులకు మన దేశంలో ఎన్నడూ కొరత లేదు. కాని గోలకొండకు రాజైనా, విజయనగరానికి రాజైనా ప్రాస కుదరదు. అంతటి మహానగరమూ ఒక ద్విత్వాక్షరం పుణ్యమా అని తల్లి పక్కన ఒదిగి నిలబడవలసి వచ్చింది. విభక్తిని కూడా గమనించండి. ఢిల్లీ‘కి’ రాజు, తల్లి‘కి’ కొడుకు. సింహాసనం కూడా ఒక చుట్టరికమే అన్నట్లు, ఆ రెంటిలో ఏది దగ్గరి చుట్టరికమో మీరే తేల్చుకోండి అన్నట్లు ఉంటుంది ఆ పలుకుబడి.

ఢిల్లీని గురించి ఢిల్లీవారికీ ఒక సామెత ఉంది: ‘హనూజ్ దిల్లీ దూర్ అస్త్’, ఢిల్లీ ఇంకా దూరమే. తనపై కినుకతో రాజధానికి తిరిగివస్తున్న గియాసుద్దీన్ తుగ్లక్‌ను ఉద్దేశించి నిజాముద్దీన్ ఔలియా ఈ మాట అన్నారని ఐతిహ్యం. సుల్తాను నిజంగానే నగరం చేరలేదు. 1325లో, స్వాగతం కోసం నిర్మించిన కొయ్యమండపం కూలి మరణించాడు. మండపాన్ని కట్టించినవాడు ఆయన కుమారుడే.

ఆ కుమారుడు తెలుగువారికి కొత్తవాడు కాడు. 1323లో ఓరుగల్లును పట్టుకుని ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపినవాడు అతడే. ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలోనే తనువు చాలించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఆయనకూ ఢిల్లీ దూరమే అయింది. మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కిన ఆ విజేత పేరును మనం నేటికీ తలతిక్క పాలనకు మారుపేరుగా వాడుకుంటున్నాం.

మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా ఆ సుల్తాను కొలువులో కొన్నేళ్లు న్యాయాధికారిగా ఉన్నాడు. సుల్తాను తల్లి మఖ్దూమా జహాన్‌కు అప్పటికి చూపు లేదు. ఒకసారి ఆమె ప్రయాణం ముగించుకుని నగరానికి వస్తుంటే, సుల్తాను ఎదురేగి, గుర్రం దిగి, పల్లకిలో ఉన్న తల్లి పాదాన్ని అందరి ఎదుటా ముద్దాడాడట. బతూతా దానిని స్వయంగా చూసినట్లు రాశాడు.

మన సామెతకు ఇంతకంటే సాక్ష్యం దొరకదు. అయితే సామెతలను నమ్మేవారు ఇక్కడ కాస్త ఆగాలి. ఈ సుల్తాను వాకిట ధనవంతుడైన నిరుపేద గాని, ప్రాణం పోగొట్టుకున్న మనిషి గాని కనిపించని రోజు అరుదని రాసినవాడూ బతూతాయే. తండ్రికి అతడు ఎటువంటి కొడుకో చరిత్రకారులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. తల్లికి మాత్రం మంచి కొడుకు! ఇంట్లో వంగిన తల వీధిలో కూడా వంగుతుందని సామెత ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆ హామీని మనమే దానికి అంటగట్టి, అమ్మను బాగా చూసుకునేవాడు చెడ్డవాడెలా అవుతాడని వాదిస్తూ ఉంటాం. పెళ్లిసంబంధాలు చూసేవారిదీ, ఓటర్లదీ ఇదే తర్కం.

ఢిల్లీ నేటికీ హోదాల నగరమే. సర్కారు క్వార్టర్ల తరగతిని బట్టి మనిషి తరగతిని అంచనా వేయడం ఇక్కడ అలవాటు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రదీపాలు తొలగిపోయాయి గాని, ‘నేనెవరో తెలుసా?’ అన్న గర్జన కూడళ్లలో వినిపిస్తూనే ఉంది. ఆ గర్జించిన పెద్దమనిషికే రాత్రి తెనాలి నుంచో, కరీంనగర్ నుంచో ఫోను వస్తుంది. ‘అన్నం తిన్నావా, నాన్నా?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఇవాళ ఎవరి మీద అరిచావు?’ అని మాత్రం ఏ తల్లీ అడగదు.

మెహ్రౌలీ నుంచి బదర్‌పూర్ వెళ్లే దారిలో, తుగ్లకాబాద్ కోటకు ఎదురుగా, తెల్లని గుమ్మటంతో ఒక ఎర్రరాతి కట్టడం ఉంది. లోపల మూడు సమాధులు. నడిమిది గియాసుద్దీన్‌ది. మిగిలిన రెండూ మఖ్దూమా జహాన్‌వీ, ఆమె కొడుకువీ అని చెబుతారు.